ఇంగ్లీషు ఇడియమ్స్‌కు ఏది మేలు: పీడీఎఫ్ జాబితానా, రీల్సా, క్రికెట్ కామెంటరీనా?

అనంతపురంలో డిగ్రీ చివరి ఏడాది చదివే పిల్లల ఫోన్లలో తరచుగా ఒక పీడీఎఫ్ కనిపిస్తుంది. వందల కొద్దీ ఇడియమ్స్ (జాతీయాలు), పక్కనే తెలుగు అర్థాలు. ఎవరు తయారు చేశారో, ఏ కోచింగ్ సెంటర్ నుంచి బయటికొచ్చిందో ఎవరికీ తెలియదు, వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అది బట్టీ పడితే చాలని ఒకరంటారు. అదంతా దండగ, సబ్‌టైటిల్స్ పెట్టుకుని సినిమాలు చూడమని ఇంకొకరంటారు. యాప్ వేసుకో, ఇంగ్లీషులో మాట్లాడుకోవడానికి ఒక పార్ట్‌నర్‌ను వెతుక్కో అనేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో తెలుగు, ఆటోలో తెలుగు, కాలేజీ క్యాంటీన్‌లోనూ తెలుగే నడిచే ఊళ్ళో ఇంగ్లీషుకు దొరికే సమయమే కాస్త. దాన్ని దేనిమీద పెట్టాలి?

ఎందుకు నేర్చుకుంటున్నామో చెప్పకుండా దీనికి జవాబు చెప్పడం కష్టం. పరీక్షలో నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తుపట్టడం ఒక పని. ఎదుటి మనిషి అన్నది అర్థం చేసుకోవడం ఇంకో పని. మన నోటితో సరైన చోట అనడం మూడోది. మొదటి పనికోసం తయారైన సరుకును తెచ్చి మూడో పనికి వాడుతున్నాం, చిక్కంతా అక్కడే వస్తోంది.

పరీక్ష వరకే అయితే జాబితాదే గెలుపు, అందులో వాదన లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశ, టైర్-1లో 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు, వాటిలో 25 ఇంగ్లీషువి. తప్పు జవాబుకు అర మార్కు కోత. అక్కడ ఇడియమ్‌ను వాడమని ఎవరూ అడగరు, అర్థం గుర్తుపడితే చాలు. సినిమాలు చూసి ఎప్పటికో తగిలే మాట కోసం ఎదురుచూడటం కన్నా పాత ప్రశ్నపత్రాల్లో వచ్చినవన్నీ ఒక నోట్సులో రాసుకుని తిరగేయడం తెలివైన పని. బజారులో దొరికే లావుపాటి పుస్తకం కూడా అక్కర్లేదు, ఒకసారి అడిగినవే మళ్ళీ అడగడం ఈ పరీక్షల్లో మామూలే.

పరీక్ష హాలు దాటాకే జాబితా బలహీనత బయటపడుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే వాన పడే జిల్లాలో మన పిల్లలు మొట్టమొదట నేర్చుకునే ఇడియమ్ ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’, అంటే కుండపోత వాన. వాన సంగతి అటుంచితే, ఇప్పటి ఇంగ్లీషువాళ్ళు కూడా ఆ మాట పెద్దగా వాడరు. 1990లలో పోగుచేసిన పది కోట్ల పదాల బ్రిటిష్ నేషనల్ కార్పస్ లాంటి భండారాల్లో వెతికితే, పుస్తకాల మొదటి పేజీల్లో మెరిసే ఈ రంగురంగుల ఇడియమ్స్ ఎక్కడో ఒకచోట తప్ప తగలవు. ‘గెట్’, ‘పుట్’, ‘టేక్’ లాంటి చిన్న క్రియల వెనక ‘ఆఫ్’, ‘అప్’, ‘ఆన్’ చేరిన మాటలు మాత్రం అడుగడుగునా ఉంటాయి. మీటింగ్ ‘పుట్ ఆఫ్’ అయితే వాయిదా, ‘కాల్ ఆఫ్’ అయితే రద్దు. ఉద్యోగంలో చేరినవాడికి కొంప ముంచేది ఈ తేడానే.

ఇంకో లోపం కూడా ఉంది. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారో జాబితా చెప్పదు. ‘కిక్ ద బకెట్’ ఎదురుగా ‘చనిపోవు’ అని రాసి వదిలేస్తుంది. లీవ్ లెటర్లో ‘మా తాతగారు బాల్చీ తన్నేశారు, రెండు రోజులు సెలవు ఇప్పించగలరు’ అని రాస్తే ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ పని చేస్తున్నామని మాత్రం తెలియదు.

విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో అడిగే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు వెళ్ళేవాళ్ళ సంగతి వేరేగా చెప్పాలి. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మార్కులకు నాలుగు కొలమానాలు, వాటిలో పదసంపద ఒకటి. బ్యాండ్ 7 స్కోరు వివరణలో ‘ఇడియమాటిక్’ అన్న మాట ఉంది. దాన్ని పట్టుకుని కొన్ని కోచింగ్ సెంటర్లు ‘ప్రతి జవాబులో ఒక ఇడియమ్ పడాల్సిందే’ అని నూరిపోస్తాయి. ఆ వివరణ అడిగేది మాటకు మాట సహజంగా అతకడం, సందర్భం తెలిసి వాడటం. సినిమాకు ఎంత తరచుగా వెళ్తారని అడిగితే ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ (ఎప్పుడో ఒకసారి) అనడంలో తప్పేమీ లేదు. అదే నిమిషంలో ‘పీస్ ఆఫ్ కేక్’ (చాలా తేలిక), దాని వెనకే ‘ఓవర్ ద మూన్’ (పట్టలేని ఆనందం) వచ్చాయంటే మాత్రం అది బట్టీ అని ఎదుట కూర్చున్నవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది.

రీల్స్, యాప్‌ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఉచితం, సరదా, రోజూ ఓ పది నిమిషాలు ఇంగ్లీషు వైపు తిప్పుతాయి, అంతవరకు మంచిదే. కానీ లైకులు వచ్చేది వింత మాటలకు. ‘సౌండ్స్ గుడ్’, ‘నో వర్రీస్’, ‘ఫెయిర్ ఎనఫ్’ లాంటివాటి మీద రీల్ చేసినా ఎవరు చూస్తారు? రోజూ పనికొచ్చేవేమో అవే. నిన్న చూసిన రీల్‌లో మాటేదో ఇవాళ చెప్పమంటే చాలామంది నోరెళ్ళబెడతారు.

సినిమాలు, సీరీస్‌ల దగ్గర నాకు పేచీ ఒక్కటే. తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే చెవి పడుకుంటుంది, కన్ను పనిచేస్తుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో ఒకసారి, అవి తీసేసి అదే సీన్ ఇంకోసారి చూస్తే ప్రయోజనం ఉంటుంది. మాట వెనక ఉన్న విసురు, వెటకారం సినిమా నేర్పినట్టు జాబితా నేర్పలేదు. కానీ దొంగలూ పోలీసులూ మాట్లాడుకునే ఇంగ్లీషును ఇంటర్వ్యూ బోర్డు ముందుకు తీసుకెళ్ళలేం కదా.

మన దగ్గర ఎవరూ ఒక పద్ధతిగా లెక్కలోకి తీసుకోనిది, నేను మాత్రం పైన పెట్టేది, క్రికెట్ ఇంగ్లీషు కామెంటరీ. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు మన ఊళ్ళోనే, స్వచ్ఛంద సంస్థ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) స్టేడియంలోనే జరిగాయి. ఆట గురించి ఇక్కడి కుర్రాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. బంతి ఏమైందో కళ్ళతో చూశాకే కామెంటేటర్ మాట చెవిన పడుతుంది, కాబట్టి తెలుగు అర్థం వెతుక్కునే పని సగం తప్పుతుంది. బౌలర్ ఒత్తిడి పెంచితే బ్యాటింగ్ జట్టు ‘ఆన్ ద బ్యాక్ ఫుట్’. అదే మాట ఆఫీసులోకి వచ్చేసరికి, డెడ్‌లైన్ దాటిపోయి సంజాయిషీ చెప్పుకునే టీమ్ కూడా ‘ఆన్ ద బ్యాక్ ఫుట్’. ‘స్టికీ వికెట్’ కూడా అంతే. పిచ్‌ల మీద కవర్లు కప్పని రోజుల్లో వాన పడి, ఆపై ఎండ కాసి పిచ్ బంకబంకగా ఆరేటప్పుడు బంతి ఎటు లేస్తుందో తెలిసేది కాదు, బ్యాటర్ ఇరుక్కుపోయేవాడు. ఇప్పుడు బ్రిటన్‌లో ఏ ఇరకాటానికైనా ఆ మాట చెల్లుతుంది. ఎవరూ చెప్పకుండా సొంతంగా పని చేస్తే ‘ఆఫ్ హర్ ఓన్ బ్యాట్’ చేసిందంటారు. నిండు వయసు బతికి పోయిన పెద్దాయన గురించి ‘హి హ్యాడ్ ఎ గుడ్ ఇన్నింగ్స్’ అంటారు. బకెట్ తన్నిన మాటకూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి.

అయితే కామెంటరీ బలం బ్రిటన్, ఆస్ట్రేలియాల వరకే. అనంతపురం నుంచి బెంగళూరు వెళ్ళి అమెరికా క్లయింట్లతో కాల్స్ మాట్లాడే పిల్లలకు అవతలి నుంచి వినిపించేది బేస్‌బాల్. ‘గివ్ మి ఎ బాల్‌పార్క్ ఫిగర్’ అంటే సుమారు లెక్క చెప్పమని. ‘లెట్స్ టచ్ బేస్ ఆన్ మండే’ అంటే సోమవారం ఓసారి మాట్లాడుకుందామని. ఊహించని చిక్కు ‘కర్వ్‌బాల్’. పార్టీకి పిలిస్తే ‘ఐ విల్ టేక్ ఎ రెయిన్ చెక్’ అన్నారంటే ఇప్పుడు కుదరదు, ఇంకోసారి వస్తామని. 1880ల నాటి అమెరికాలో వానకు ఆట ఆగిపోతే తర్వాతి ఆటకు పనికొచ్చేలా ఇచ్చిన టికెట్టు అది. ఇవన్నీ పీడీఎఫ్‌లో ఉండొచ్చు, కానీ అక్షర క్రమంలో, ఏ దేశానివో చెప్పకుండా ఉంటాయి. ఒక్కోసారి రెండు దేశాల్లో అర్థమే తిరగబడుతుంది. మీటింగ్‌లో ఒక విషయాన్ని ‘టేబుల్’ చేద్దామంటే బ్రిటన్‌లో చర్చకు తెద్దామని, అమెరికాలో పక్కన పెడదామని.

ఇక అసలు ఇడియమ్స్ అక్కర్లేని చోటు కూడా మన పక్కనే ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2022 జిల్లాల విభజనతో ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది గానీ, ఉద్యోగాల కోసం ఇక్కడి పిల్లలు అటు చూస్తూనే ఉంటారు. కొరియా నుంచి వచ్చినవాళ్ళకు ఇంగ్లీషు పరాయి భాష, మనకూ పరాయి భాషే. అలాంటి ఇద్దరి మధ్య ‘స్టికీ వికెట్’ అంటే ఎవరికి ఉపయోగం? అంకెలు, తేదీలు స్పష్టంగా పలకడం, ‘లెట్ మి చెక్ అండ్ గెట్ బ్యాక్ టు యూ’ లాంటి నాలుగు సూటి మాటలు అక్కడ చాలు.

పార్ట్‌నర్‌తో మాట్లాడటం గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. ఇద్దరు తెలుగువాళ్ళు కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడుకుంటే బెరుకు పోతుంది, తడబాటు తగ్గుతుంది. ఇడియమ్స్ మాత్రం రావు, ఇద్దరికీ తెలియనిది ఎవరు ఎవరికి నేర్పుతారు? ‘ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ 2022’ అని ఒకరంటే ఇంకొకరు తలూపుతారు. విదేశీయుడికి మాత్రం ఆ ఏడాది మీరు స్పృహ తప్పి పడిపోయినట్టు వినిపిస్తుంది. అలాగని ‘ప్రీపోన్’, ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ లాంటి మన దేశపు మాటలకు సిగ్గుపడక్కర్లేదు, ఇక్కడ అందరికీ అర్థమవుతాయి. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మార్చుకుంటే సరి. ముక్కూమొహం తెలియని విదేశీయులతో కలిపే యాప్‌లను మాత్రం నేను అందరికీ సిఫార్సు చేయను. ఆడపిల్లలకు అక్కడ పిచ్చి మెసేజ్‌ల బెడద ఉంటుంది, ఆ టెన్షన్‌లో ఏ భాషా తలకెక్కదు. గురువు దగ్గర కూర్చుని పూర్తికాలం నేర్చుకునే వీలుంటే దానికి మించింది లేదు. మన ఊళ్ళోనే ఆర్‌డీటీ విదేశీ భాషల స్కూల్లో పల్లెల నుంచి వచ్చిన డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషుతో పాటు జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్ కూడా నేర్పుతారు. అందరికీ ఆ అవకాశం రాదు కదా.

అది లేనివాళ్ళకు దగ్గర్లో ఉన్న దారి, బయట ఉద్యోగం చేసే చుట్టం. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న అన్నకో, బావకో వారానికి ఒక వాయిస్ మెసేజ్. ‘ఇంగ్లీషు నేర్పు’ అంటే వాళ్ళకు తీరిక ఉండదు. ఇలా అడగాలి:

“బావా, మీ మేనేజర్ ఫోన్ పెట్టేసే ముందు ఏమంటాడు?”

“‘ఐ విల్ లెట్ యూ గో’ అంటాడు. మొదటిసారి విన్నప్పుడు ఉద్యోగం ఊడిందేమో అనుకున్నా. ఇక ఉంటానని చెప్పడమే అది, మర్యాదగా.”

“కాఫీ వద్దంటే?”

“‘ఐ యామ్ గుడ్’ అంటారు. బాగున్నానని చెప్పినట్టుంటుంది గానీ, వద్దని.”

ఇలా విన్నది ఒక నోట్‌బుక్‌లో ఎక్కించాలి. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో అన్నీ ఒక్క వాక్యంలో రాసుకోవాలి. పక్కన తెలుగు అర్థం రాయకపోయినా ఫర్వాలేదు, సందర్భం రాయకపోతేనే దండగ. తర్వాత యూగ్లిష్ అనే వెబ్‌సైట్లో ఆ మాట కొడితే, నిజం మనుషులు ఆ మాట అన్న యూట్యూబ్ ముక్కలు వరసగా వస్తాయి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా అని విడిగా ఎంచుకోవచ్చు కూడా. నాలుగైదు వినండి. అందరూ నవ్వుతూ అంటున్నారా, వార్తలు చదివేవాళ్ళు కూడా అంటున్నారా, కుర్రాళ్ళు మాత్రమేనా? పీడీఎఫ్ చెప్పని సంగతి పది నిమిషాల్లో తెలుస్తుంది. ఎంత వెతికినా రెండు మూడు ముక్కలకు మించి రాలేదంటే ఆ మాట జోలికి పోకపోవడమే మంచిది.

కాబట్టి సీజీఎల్ రాసేవాళ్ళు జాబితా దగ్గరే ఉండండి, పరీక్ష అయ్యేదాకా ఇంకేదీ పెట్టుకోకండి. బెంగళూరు ఉద్యోగం చూస్తున్నవాళ్ళు పీడీఎఫ్ మూసేసి చెవి, నోట్‌బుక్ నమ్ముకోండి. లండన్ బాట పట్టేవాళ్ళు కామెంటరీ వినండి, అమెరికా వెళ్ళేవాళ్ళు ముందు బావకు ఫోన్ చేయండి. అర్థం చేసుకునే మాటలు ఎన్ని ఉన్నా మంచిదే. నోటితో అనేవి మాత్రం పాతికో ముప్పయ్యో చాలు, అవి కూడా ‘ఐ యామ్ అఫ్రైడ్ ఐ కాంట్’ లాంటి నెమ్మదైన మాటలై ఉండాలి. ఇంత చేసినా కాల్ మధ్యలో తెలియని ఇడియమ్ ఏదో ఒకటి వచ్చి పడుతుంది. అప్పుడు తలూపి ఊరుకోకుండా ‘సారీ, వాట్ డు యూ మీన్ బై దట్?’ అని అడిగేయండి. వాళ్ళే విడమరిచి చెబుతారు, ఆ రోజుకు నోట్‌బుక్‌లో ఒక వాక్యం చేరుతుంది.