పెద్దలకు, దివ్యాంగులకు ఉచిత బస్సు: రోజంతానా, రద్దీ తగ్గాకనా, నామమాత్రపు టికెట్టా... ఏది మేలు?

ఉచిత బస్సు మాట వస్తే చాలు, ఖజానా గుల్ల అవుతుందని ఒకరు, ఆ వయసులో కూడా టికెట్ అడుగుతారా అని ఇంకొకరు. ఈ వాదన ఎటూ తేలదు, ఎందుకంటే ఉచితం అంటే ఒకటే పద్ధతి అనుకుని మాట్లాడుకుంటాం. కనీసం మూడు రకాలుగా నడుపుతున్నారు, మూడింటి ఖర్చూ ఒకటి కాదు.

మొదటిది రోజంతా ఉచితం. స్కాట్లాండ్‌లో 2006 నుంచి 60 దాటినవాళ్లు, దివ్యాంగులు ఏ వేళకైనా పాస్ చూపించి ఎక్కొచ్చు. వాడేవాళ్లకి ఇంతకంటే హాయి లేదు. చిక్కల్లా వయసుతోనే. దక్షిణ కొరియా చూడండి, అక్కడ 65 దాటినవాళ్లకి మెట్రో ఉచితం చేసింది 1984లో, అప్పుడు ఆ వయసువాళ్లు జనాభాలో నూటికి నలుగురు. 2024 చివరికి నూటికి 20 మంది అయ్యారు. రూల్ అదే, మోసే భారం ఐదింతలు. అందుకే అక్కడి డేగు నగరం 2024 నుంచి మెట్రో వయసుని ఏటా కొంచెం పెంచుకుంటూ 70 దగ్గరికి తీసుకెళ్తోంది, ఇంకోపక్క 2023లో బస్సుల్ని 75 దాటినవాళ్లకి ఉచితం చేసి ఆ వయసుని 70 దాకా తగ్గించుకుంటూ వస్తోంది. నాకు ఇది చాలా తెలివైన పని అనిపించింది.

రెండోది రద్దీ తగ్గాక ఉచితం. ఇంగ్లండ్‌లో 2008 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా చెల్లే పాస్ ఉంది, మామూలు రోజుల్లో ఉదయం 9:30 నుంచి రాత్రి 11 దాకా, శని ఆదివారాల్లో, సెలవుల్లో రోజంతా. దీని వెనకున్న లెక్క సరైనదే. పొద్దున 8:30కి బస్సు కిక్కిరిసి ఉంటుంది, ఇంకో ఇరవై మంది ఎక్కాలంటే ఇంకో బస్సు, ఇంకో డ్రైవర్ కావాలి. 11 గంటలకి అదే బస్సు ఎలాగూ సగం ఖాళీగా తిరుగుతుంది, ఆ సీట్లో ఒక పెద్దాయన కూర్చుంటే అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. కానీ డాక్టర్ 9:15కి రమ్మంటే? 9:28కి వచ్చిన బస్సు మెట్టు దగ్గర పాస్ పట్టుకుని "ఇప్పుడు చెల్లుతుందా బాబూ" అని అడగాల్సి రావడం బాధగానే ఉంటుంది. పెద్దలైతే కాస్త ఆగుతారేమో, ఉద్యోగానికి వెళ్లే దివ్యాంగుడు 9:30 దాకా ఆగి ఆఫీసుకి ఎలా వెళ్తాడు? అందుకే అక్కడ కొన్ని కౌన్సిళ్లు (స్థానిక ప్రభుత్వాలు) దివ్యాంగులకి మాత్రం ఆ వేళ పట్టింపు తీసేశాయి.

మూడోది నామమాత్రపు టికెట్. హాంకాంగ్‌లో 2012లో పెద్దలకి, దివ్యాంగులకి ఎంత దూరమైనా 2 హాంకాంగ్ డాలర్లే అని పెట్టారు. 2022లో 60 దాటినవాళ్లనీ చేర్చారు, ఖర్చు పెరిగింది, 2025 బడ్జెట్‌లో మార్పులు ప్రకటించారు: చార్జీ 10 డాలర్లు దాటితే అందులో ఐదోవంతు కట్టాలి, నెలకి 240 ట్రిప్పులే. అంటే టికెట్ పెట్టినంత మాత్రాన ఖర్చు తగ్గిపోదు. కార్డు ఆనించి ఎక్కే చోట పర్వాలేదు గానీ, చిల్లర ఇవ్వాల్సిన చోట ఇది చిన్న విషయం కాదు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేత్తో రాడ్ పట్టుకుని మెట్టు ఎక్కే మనిషి పర్సు ఏ చేత్తో తీయాలి? వెనక క్యూ అంతా ఆగిపోతుంది.

పేదలకే ఇస్తే సరిపోతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. ఆదాయం తేల్చడానికి కాగితాలు, ఆఫీసుల చుట్టూ తిరగడాలు... నిజంగా అవసరమున్నవాళ్లే మధ్యలో వదిలేస్తారు. నేను ఒప్పుకోను.

అసలు టెన్షన్ పెట్టే విషయం ఇంకోటి. పాస్‌తో ఎక్కిన ప్రతి ఒక్కరికీ పూర్తి టికెట్ ధర ప్రభుత్వం బస్సు నడిపే కంపెనీకి కట్టదు. ఇంగ్లండ్‌లో అయితే పాస్ లేకున్నా డబ్బిచ్చి ఎక్కేవాళ్లు ఎందరు, ఉచితం కాబట్టే ఎక్కినవాళ్లు ఎందరు అని అంచనా కట్టి, మొదటివాళ్ల టికెట్ డబ్బు, రెండోవాళ్ల వల్ల పడిన అదనపు ఖర్చు మాత్రం ఇస్తారు. ఆపరేటర్‌కి లాభమూ రాకూడదు, నష్టమూ రాకూడదన్నది సూత్రం. బాగానే ఉంది, కానీ పాస్ ఇవ్వడం కౌన్సిల్‌కి చట్టప్రకారం తప్పనిసరి, నష్టాల్లో నడిచే పల్లె రూటుకి సాయం చేయడం తప్పనిసరి కాదు. డబ్బు తగ్గితే ముందు కోతపడేది రూటుకే. జేబులో పాస్ ఉంటుంది, స్టాప్‌కి బస్సు రాదు.

కాబట్టి నా ఓటు రెండోదానికి, ఒక మార్పుతో: పెద్దలకి రద్దీ తగ్గాక ఉచితం, దివ్యాంగులకి, ఎక్కించి దింపడానికి తోడు కావాలంటే ఆ తోడు వచ్చేవాళ్లకి కూడా, ఏ వేళైనా ఉచితం. ఆస్పత్రి అపాయింట్‌మెంట్ కాగితం చూపిస్తే పెద్దలకీ వేళ పట్టించుకోకూడదు. వయసు పెంచాల్సి వస్తే చాలా ఏళ్ల ముందే చెప్పి, ఇంగ్లండ్ చేసినట్టు మెల్లగా పెంచాలి, అక్కడ 2010 నుంచి 2020 మధ్య 60ని 66 చేశారు. పాస్ డబ్బు, రూట్ల డబ్బు మాత్రం ఒకే పద్దులో కలపకూడదు.