నాలుగేళ్లు వాడాక మా పూతరేకుల వెబ్‌సైట్ సంగతి: బాగుంది, కానీ డొమైన్ ఎవరి పేరున ఉందో చూసుకోండి

మనలాంటి చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ అవసరమా అని ఎవరైనా అడిగితే మొదటి ఏడాది నేను గంటసేపు చెప్పేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ఎదురు ప్రశ్న వేస్తున్నా: డొమైన్, అంటే జనం కొట్టే ఆ సైట్ పేరు, ఎవరి పేరున తీసుకుంటున్నారు? ఆ ఒక్క ముక్క నాకు తెలియక ఒక పెళ్లి ఆర్డరు పోయింది, దాంతోపాటు పదిహేను రోజుల నిద్ర కూడా.

మాది ఆత్రేయపురం. ఇంట్లో ఆడవాళ్లు రేకులు తీస్తారు, చుట్టడం అందరం చేస్తాం, కొరియర్ గోల నాది. రావులపాలెం హైవే మీద కొట్టు ఉన్నవాళ్ల దగ్గరైతే కొనేవాడు కారు దిగి, ఒకటి నోట్లో వేసుకుని చూసి మరీ కొంటాడు. మాకు ఆ అవకాశం లేదు, ఎక్కడో హైదరాబాదులో ఉన్నాయన మా మొహం కూడా చూడకుండా ముందే డబ్బు వేయాలి. 2021 అక్టోబర్ 4 రాత్రి వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టా మూడూ ఒకేసారి పడిపోయాయి, గుర్తుందా? ఆ సాయంత్రమే ఇన్‌స్టాలో మాట్లాడి దసరాకి డబ్బు వేసిన ఒకావిడ, పేజీ తెరుచుకోకపోయేసరికి మేం ఎత్తేసి పోయామనుకుని రాత్రంతా తెగ టెన్షన్ పడిందట. మర్నాడు ఫోన్‌లో "మీ నంబర్ కూడా అందులోనే ఉందండీ మరి, ఇంకెక్కడ వెతకను?" అంది. నా దగ్గర జవాబు లేదు. దీపావళి లోపే తెలిసిన కుర్రాడితో వెబ్‌సైట్ చేయించేశా.

ఫోటోలు, రంగులు, మొబైల్‌లో బాగా కనబడటం, అవన్నీ అందరికీ తెలిసినవే. నేను అనుకోనిది ఒకటి జరిగింది. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే ఏర్పాటు కావాలంటే చిరునామా, వాపసు నియమాలు సైట్‌లో ఉండి తీరాలన్నారు. మా కుర్రాడు ఎక్కడినుంచో ఇంగ్లీషు పేజీ ఒకటి తెచ్చి అతికించాడు. నెల తర్వాత మా వదిన చదివితే అందులో "ఉతికిన బట్టలు వాపసు తీసుకోబడవు" అని ఉంది! పూతరేకులు ఉతికేవాడెవడో మాకైతే తెలీదు. నవ్వడం అయ్యాక వదినే కూర్చుని తెలుగులో మళ్లీ రాసింది, దానికి "రేకులు విరిగితే" అని పేరు పెట్టింది. కొరియర్‌లో అంచులు విరగడం మామూలే, రుచికి తేడా రాదు, పెట్టెలో సగానికి పైగా పొడి అయిపోతే ఫోటో పంపండి మళ్లీ పంపుతాం, బెల్లంవి ఎన్నాళ్లు ఉంటాయి, ఫ్రిజ్‌లో ఎందుకు పెట్టకూడదు, అంతే. దాని కింద తిండి సరుకులకి లైసెన్సు ఇచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లిచ్చిన పద్నాలుగు అంకెల నంబరు, ఇంటి చిరునామా.

కొత్తవాళ్లు ఫోన్ చేసి మాట్లాడేది ఆ పేజీ గురించే. "విరుగుతాయని మీరే రాశారు కదా, అందుకే మీ దగ్గర తీసుకుందామనుకున్నాం" అని ఒకాయన అంటే ఏం చెప్పాలో తోచలేదు. 2023లో మా ఊరి పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఫలానా ఊరిదని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చింది, సంతోషమే. కానీ "అసలైన ఆత్రేయపురం" అని పెట్టె మీద అచ్చు వేసుకోవడం ఎవరికైనా తేలికే కదా. ఆ మాట రాసినంత మాత్రాన కొత్తవాడు నమ్మడు, ఇల్లు ఎక్కడుందో, పాడైతే ఎవరిని అడగాలో తెలిస్తే నమ్ముతాడు.

అయితే అప్పట్లో నేను "వెబ్‌సైట్ వల్ల ఆర్డర్లు వస్తున్నాయి" అని ఊరంతా చెప్పాను చూడండి, అది పూర్తిగా నిజం కాదు. సైట్‌లోనే సరుకు ఎంచుకుని అక్కడే డబ్బు కట్టేవాళ్లు చాలా తక్కువ. సైట్ చూస్తారు, చిరునామా చూస్తారు, వచ్చి వాట్సాప్‌లో "అండీ, పావుకిలో ఎంత?" అంటారు, ఆ ధర సైట్‌లో ఉన్నా సరే. సైట్‌లో సరుకు వేసుకునే ఆ బుట్ట, పేమెంట్ హంగులన్నిటికీ పెట్టిన డబ్బు మాకైతే దండగే అనిపిస్తుంది.

ఇక అసలు గొడవ. 2024 కార్తీకమాసం, పెళ్లిళ్ల హడావిడి. హైదరాబాదు నుంచి ఒక పెళ్లికూతురి తండ్రి, మా దగ్గర ఎప్పుడూ కొనే ఒకాయన ఇచ్చిన మా కార్డు పట్టుకుని ఫోన్ చేశాడు. పెద్ద ఆర్డరు, మర్నాడు అడ్వాన్స్ వేస్తానన్నాడు. వేయలేదు. నేనే చేస్తే, చాలా మర్యాదగా, "ఏమండీ, మీ వ్యాపారం నడుస్తోందా, ఆపేశారా? కార్డు మీదున్న సైట్ కొడితే ఏవో లోన్ల ప్రకటనలు వస్తున్నాయి" అన్నాడు. మా సైట్‌ని మేం తెరిచి ఎన్నాళ్లయిందో! చూస్తే నిజమే. డొమైన్ గడువు మూడేళ్లకే కట్టారు, అయిపోయింది. గుర్తుచేస్తూ వచ్చిన మెయిళ్లన్నీ ఆ కుర్రాడికి, ఎందుకంటే డొమైన్ తీసుకున్నదే అతని పేరున. అతను బెంగళూరు వెళ్లిపోయి నంబర్ మార్చేశాడు. డొమైన్ అమ్మిన కంపెనీవాళ్లు ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లు అడిగితేనే మాట్లాడతామన్నారు, వాళ్ల తప్పేం లేదు, నేనెవరో వాళ్లకేం తెలుసు?

కార్తీక సోమవారం గోదావరి రేవులో దీపం వదలడానికి వెళ్లిన మా ఆవిడకి ఆ కుర్రాడి తల్లి కనబడకపోతే ఏమయ్యేదో. కొత్త నంబర్ దొరికింది, "అన్నయ్యా, ఆ మెయిల్ చూడటమే మానేశాను" అన్నాడు పాపం. గడువు దాటి కొద్ది వారాలే కాబట్టి మామూలు రేటుకే రెన్యువల్ అయింది. డాట్ కామ్ పేర్లకి ఆ వెసులుబాటు దాటితే ఇంకో ముప్పై రోజులు జరిమానాలాంటి ఫీజు కట్టాలి, అదీ దాటితే ఇంకో ఐదు రోజుల తర్వాత ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. అదే కంపెనీలో నా మెయిల్‌తో ఖాతా తెరిచి పేరు అందులోకి మార్పించుకున్నా. పెళ్లివారు మాత్రం అప్పటికే వేరేచోట చెప్పేసుకున్నారు.

నాకు మంట ఎక్కడంటే, అసలు సైటే లేకపోతే ఆయన ఫోన్‌లో మాట్లాడి, మాటని బట్టి అడ్వాన్స్ వేసేవాడేమో. కార్డు మీద మేమే గొప్పగా అచ్చు వేయించాం, అదే మామీద సాక్ష్యం చెప్పింది. కొట్టు లేదంటే సర్దుకుంటారు, కొట్టు ఉండి తాళం వేసి కనబడితే పారిపోయారంటారు.

మళ్లీ చేయించుకుంటారా అంటే, చేయించుకుంటా, మా పరిస్థితి అలాంటిది కాబట్టి. ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర ముందే డబ్బు తీసుకునే వ్యాపారం మాది. మీది టిఫిన్ సెంటరో టైలర్ షాపో అయి, కొనేవాళ్లు వీధిలోవాళ్లే అయితే గూగుల్ మ్యాప్స్‌లో కొట్టు పెట్టుకుని ఊరుకోవచ్చు, నన్నడిగితే. ఏడాదికి ఒకసారైనా దాన్ని పట్టించుకునే మనిషి ఇంట్లో లేకపోతే అసలు మొదలుపెట్టకండి.

ఇప్పుడు ఫోన్ రీఛార్జ్ చేసుకున్నప్పుడల్లా మా సైట్ ఒకసారి తెరిచి చూస్తున్నా. మొన్న చూస్తే అన్నీ పాత రేట్లే ఉన్నాయి, నెయ్యి పెరిగి ఎన్నాళ్లయిందో. అవి మార్చమని కుర్రాడికి మెసేజ్ పెట్టా, ఇంకా చూడలేదు.