థీసిస్‌ల కోసం డీస్పేస్: ఏళ్ల తరబడి వాడాక

మా యూనివర్సిటీ లైబ్రరీలో ఎలక్ట్రానిక్ థీసిస్‌ల కేటలాగింగ్, అంటే వాటి వివరాలు నమోదు చేసే పని, అంతా డీస్పేస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే. చాలా ఏళ్లుగా రోజూ దాంతోనే నా పని. దాన్ని సర్వర్‌లో ఎలా ఎక్కించాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. రోజూ కూర్చుని రికార్డులు చేసేవాళ్లకు, అందులోనూ తెలుగు థీసిస్‌లు చేసేవాళ్లకు, అది ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు తక్కువ. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. థీసిస్‌లు భద్రపరచడానికి, నలుగురికీ అందించడానికి ఇంతకన్నా నమ్మదగ్గ ఉచిత సాఫ్ట్‌వేర్ నేను చూడలేదు. కానీ థీసిస్ వెతికినవాళ్లకు దొరకాలంటే మాత్రం కేటలాగర్ పూనుకోవాల్సిందే. తెలుగు థీసిస్ అయితే భారమంతా కేటలాగర్ మీదే.

డీస్పేస్‌ను 2002లో ఎంఐటీ, హెచ్‌పీ కలిసి తెచ్చాయి. మన దేశంలో పీహెచ్‌డీ థీసిస్ ఎలక్ట్రానిక్ కాపీ ఇవ్వాలని యూజీసీ 2009 నిబంధనల్లో పెట్టాక లైబ్రరీలకు ఈ పని బాగా పెరిగింది. యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగ, అంటే దేశంలోని థీసిస్‌ల ఉమ్మడి భాండాగారం, కూడా డీస్పేస్ మీదే ఉంది కాబట్టి, సొంత రిపాజిటరీకీ (డిజిటల్ భాండాగారానికీ) ఇదే పెట్టుకుంటే రెండుచోట్లా పని పద్ధతి ఒకటే. అధ్యాయానికో పీడీఎఫ్ చేసి వరసగా నంబర్లు వేయడం, గైడ్ పేరును విడిగా ఇవ్వడం లాంటి అలవాట్లు మాకు అక్కడి నుంచే వచ్చాయి.

ఫ్యాకల్టీ, డిపార్ట్‌మెంట్, దాని కింద కలెక్షన్, అందులో థీసిస్ - ఈ అమరిక యూనివర్సిటీ స్వరూపానికి చక్కగా సరిపోతుంది. ఒకరు ఎక్కించింది ఇంకొకరు చూసి ఓకే చేస్తేనే బయటికి కనబడేలా వర్క్‌ఫ్లో పెట్టుకోవచ్చు. పేటెంట్ కోసమో, పుస్తకంగా వేసుకోవడానికో కొంతకాలం ఆపమన్న థీసిస్‌కు ఫలానా తేదీ వరకు తాళం వేయొచ్చు. ఆ తేదీ రాగానే అదే తెరుచుకుంటుంది. వీటి విషయంలో నాకెప్పుడూ టెన్షన్ లేదు.

మొదట్లో ఇబ్బంది పెట్టేది థీసిస్ వివరాలు నింపే ఫారం. డీస్పేస్‌తో పాటు వచ్చే ఫారం అన్ని రకాల డాక్యుమెంట్లకూ పనికొచ్చేలా ఉంటుంది. అందులో గైడ్‌కు గడి ఉండదు. డిగ్రీకి, డిపార్ట్‌మెంట్‌కు, డిగ్రీ ఇచ్చిన సంవత్సరానికి మనమే గడులు కల్పించుకోవాలి. ఒక్క తేదీ గడితో సరిపెట్టుకుంటే ఒకరు సమర్పించిన ఏడాది, ఇంకొకరు వైవా అయిన ఏడాది రాస్తారు. ఏటా ఎన్ని పీహెచ్‌డీలు ఇచ్చారని, విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ లెక్కలు అడిగే రోజున ఆ తేడా బయటపడుతుంది. డిపార్ట్‌మెంట్ పేర్లను టైప్ చేయనివ్వకుండా జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టండి. ఇదంతా ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో చేసే మార్పే. సిస్టమ్స్ వాళ్లను బతిమాలైనా సరే, మొదటి థీసిస్ ఎక్కించకముందే చేయించుకోవాలి.

ఇక తెలుగు సంగతి. ఇంగ్లిష్ థీసిస్ ఎక్కిస్తే డీస్పేస్ ఆ పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ లాగి సెర్చ్‌లో చేరుస్తుంది. నాలుగో అధ్యాయంలో ఎక్కడో ఉన్న రసాయనం పేరు కొట్టినా ఆ థీసిస్ వస్తుంది. అందుకని ఇంగ్లిష్ థీసిస్‌కు రికార్డు కాస్త పలచగా ఉన్నా నడిచిపోతుంది. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. తెలుగు శాఖ నుంచి వచ్చే థీసిస్‌ల్లో చాలావరకు యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లలో కొట్టించినవే. కంటికి తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం అవి అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు. పాత థీసిస్‌ల స్కాన్ కాపీల్లో అవి కూడా ఉండవు. యూనికోడ్‌లో కొట్టిన ఫైలైనా పీడీఎఫ్ చేశాక వత్తులు, గుణింతాలు చెదిరిపోవడం మామూలే. అంటే థీసిస్ లోపలి తెలుగు సెర్చ్‌కు అందదు. మనం రికార్డులో టైప్ చేసిందే దానికి దారి.

యక్షగానాల మీద ఒక థీసిస్ ఉందనుకోండి. శీర్షికలో యక్షగానం తప్ప ఇంకే ఆనవాలూ లేదు. లోపల ఒక అధ్యాయం తంజావూరు నాయక రాజుల మీద, ఇంకొకటి కూచిపూడి భాగవతుల మీద. ఆ రాజుల్లో ఒకడైన విజయరాఘవ నాయకుడి మీద పని చేస్తున్న స్కాలర్‌కు ఈ థీసిస్ ఎలా దొరుకుతుంది? డీస్పేస్‌లో విషయసూచిక కోసం ఒక ఫీల్డ్ ఉంది. చాలా లైబ్రరీలు దాన్ని ముట్టుకోవు. నేను తెలుగు థీసిస్ ప్రతిదానికీ అధ్యాయాల పేర్లన్నీ అందులో యూనికోడ్‌లో కొడతాను. ఓ పావుగంట అదనపు పని. ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా విలువైనది ఏదంటే ఆ ఫీల్డే అంటాను.

కీవర్డ్స్ విషయంలోనూ జాగ్రత్త కావాలి. సెర్చ్ మాటను మాటగానే చూస్తుంది. శీర్షికలో ‘నన్నయభారతం’ అని కలిపి ఉంటే ‘నన్నయ’ అని కొట్టినవాళ్లకు రాదు. ‘కవిత్వం’ అని వెతికితే ‘కవిత్వము’ రాదు. అందుకే శీర్షికను ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టు ఇచ్చి, సంధులు, సమాసాలు విడదీసిన మాటలను కీవర్డ్స్‌లో పెడతాను. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన శీర్షికను ప్రత్యామ్నాయ శీర్షికగా ఇస్తాను. ఫోన్‌లో తెలుగు కొట్టడం అలవాటు లేని పిల్లలకు అదే ఆధారం.

డీస్పేస్ నిజంగా బలహీనంగా కనిపించేది పేర్ల దగ్గర. సినారెనే తీసుకోండి. సి. నారాయణరెడ్డి, నారాయణ రెడ్డి సి., సింగిరెడ్డి నారాయణరెడ్డి, డాక్టర్ సినారె, ఇవి కాక ఇంగ్లిష్ స్పెల్లింగులు. ఆయన మీద పరిశోధన చేసినవాళ్లు ఎలా రాస్తే అలా ఎక్కిస్తూ పోతే బ్రౌజ్ జాబితాలో ఒక్క మనిషి పదిమంది అవుతారు. ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతికీ, కామా పెట్టి తిప్పి రాసే డబ్లిన్ కోర్ (డీస్పేస్ వివరాలకు వాడే ప్రమాణం) పద్ధతికీ పొత్తు కుదరదు. లైబ్రరీ కేటలాగ్ సాఫ్ట్‌వేర్ కోహాలో అయితే ఒక్కో పేరుకు అథారిటీ రికార్డు చేసుకుంటే అన్ని రూపాలూ ఒకచోటికి చేరతాయి. జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం యూనివర్సిటీలుగా విడిపోయింది. అంతకుముందు థీసిస్‌కు పాత పేరే ఉంచి, పాత పేరునూ కొత్త పేర్లనూ ముడిపెట్టడం కోహా వాడే మార్క్ (లైబ్రరీ రికార్డుల ప్రామాణిక రూపం) అథారిటీలో కుదురుతుంది. డీస్పేస్‌లో ఆ ముడి సులువుగా పడదు. 7వ వెర్షన్ నుంచి మనుషులకు, సంస్థలకు విడి రికార్డులు చేసుకునే వీలు వచ్చింది. అది మంచి అడుగే. కానీ పాత రికార్డులన్నిటినీ వాటితో కలపడం చిన్న పని కాదు.

ఆ లోటును చాలావరకు పూడ్చేది సీఎస్‌వీ (పట్టిక రూపంలో ఉండే ఫైల్) సదుపాయం. కలెక్షన్ మొత్తం మెటాడేటాను, అంటే రికార్డుల్లోని వివరాలను, దింపుకుని, గైడ్ పేర్లన్నీ ఒక్క పట్టున సరిచేసి, తిరిగి ఎక్కించవచ్చు. నిజంగా మార్చకముందే ఫైల్‌ను ఒకసారి సరిచూసుకునే వీలూ ఉంది. ఒక గడిలో రెండు మూడు విలువలుంటే మధ్యలో రెండు నిలువు గీతలు ఉంటాయి, వాటిని చెరపొద్దు. ఫైల్‌ను యూటీఎఫ్-8 అని చెప్పి తెరవండి, లేకపోతే తెలుగంతా పిచ్చిగీతలైపోతుంది. లిబ్రేఆఫీస్ తెరిచేటప్పుడే అడుగుతుంది కాబట్టి నేను దాన్నే వాడతాను.

ప్రింట్ కాపీ రికార్డు మా దగ్గర కోహాలో ఉంటుంది. మార్క్ ఫీల్డు నంబర్లలో చెప్పాలంటే 502లో డిగ్రీ, యూనివర్సిటీ, సంవత్సరం, 700లో గైడ్, 856లో డీస్పేస్ లింకు. ఒకే థీసిస్‌కు కోహాలో రెండు రికార్డులు చేయడం నాకు నచ్చదు. స్టూడెంట్‌కు కావలసింది ఆ థీసిస్, అది బీరువాలో ఉన్నా స్క్రీన్ మీద ఉన్నా. అయితే ఆ లింకు హ్యాండిల్, అంటే సర్వర్ మారినా మారని శాశ్వత చిరునామా, అయి ఉండాలి. మన దేశంలో చాలా రిపాజిటరీల లింకుల్లో 123456789 అని కనిపిస్తుంది. హ్యాండిల్ ప్రిఫిక్స్ (సంస్థకు కేటాయించే నంబర్) రిజిస్టర్ చేయించుకోకపోతే డీస్పేస్ పెట్టే నంబర్ అది. సర్వర్ చిరునామా మారిన రోజున ఆ లింకులు పనిచేయవు. థీసిస్‌లను ఉటంకించిన వ్యాసాల్లోనూ అవి చచ్చిపోతాయి. ప్రిఫిక్స్ కోసం ఏటా కట్టే ఆ కాస్త రుసుముకు లైబ్రరీ కమిటీలో గట్టిగా పట్టుబట్టండి.

2021లో వచ్చిన 7వ వెర్షన్‌తో వాడేవాళ్లకు కనిపించే పైభాగం, వెనక పనిచేసే సర్వర్ భాగం వేరయ్యాయి. చూడ్డానికి బాగుంది, ఫోన్‌లోనూ చక్కగా తెరుచుకుంటుంది. కానీ పాత కంప్యూటర్‌నే సర్వర్‌గా వాడుకునే లైబ్రరీలకు ఇది బరువు, 8 జీబీ మెమరీ కూడా లేనిచోట ప్రయత్నించొద్దు. పాత వెర్షన్ నుంచి మారేవాళ్లు సొంతంగా కల్పించుకున్న ఫీల్డులన్నీ ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే పాత ఫారం ఫైల్‌ను కొత్త పద్ధతిలోకి మార్చి రాయాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పాత వెర్షన్ల జోలికి పోకుండా నేరుగా అన్నిటికన్నా కొత్తదే పెట్టుకోండి. పెట్టుకున్నాక తెలుగు చదవగలిగిన, టైప్ చేయగలిగిన ఒక కేటలాగర్‌ను ఈ పనికే కేటాయించమని అడగండి. సర్వర్ కొనడానికి పెట్టే శ్రద్ధలో సగమైనా ఈ పోస్టు మీద పెడితే తెలుగు శాఖ థీసిస్‌లు బయటి ప్రపంచానికి కనబడతాయి.