సింగపూర్‌లో పగటి జూనా, నైట్ సఫారీనా?

శ్రీకాకుళం నుంచి అమ్మనూ పిల్లలనూ వెంటబెట్టుకుని సింగపూర్ వెళ్లినప్పుడు, మండాయ్‌లో పక్కపక్కనే ఉన్న ఈ రెండింటినీ చూశాము గనుక, ఒక్కదానికే సమయం ఉన్నవారి కోసం ఈ పోలిక రాస్తున్నాను.

1973లో తెరిచిన పగటి జూలో చాలాచోట్ల ఇనుప చువ్వలకు బదులు కందకాలూ చెట్లే హద్దులు. మా తలల మీదుగా తాడు పట్టుకుని సాగిపోయిన ఒరాంగుటాన్ తల్లి పొట్టను కరుచుకున్న పిల్ల వేళ్లు కూడా స్పష్టంగా కనిపించాయి. అయితే నడక ఎక్కువ, ఉక్కపోత కూడా ఎక్కువే.

1994లో మొదలైన నైట్ సఫారీ ప్రపంచంలోనే తొలి రాత్రి జూ. వెన్నెలంత వెలుతురులో ట్రామ్ నెమ్మదిగా సాగుతుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు ఇదే సుఖం. ఫ్లాష్‌తో ఫొటోలు తీయకూడదు, తీయాలని అనిపించదు కూడా. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంటి భయంతో పొద్దు వాలకముందే ఇల్లు చేరడం అలవాటైన మా అమ్మ, అక్కడ అదే ఎలుగు ముట్టెను నేలకు ఆనించి వాసన పట్టడం చూసి, అది కనుమరుగయ్యేదాకా కళ్లు తిప్పుకోలేదు.

రాత్రి ఏడు దాటాక గాని గేట్లు తెరవరు. పసిపిల్లలు అప్పటికే నిద్రకు తూగుతారు. అలాంటివారు ఉంటే పగటి జూకే వెళ్లండి. పిల్లలు కాస్త ఎదిగినవారైతే, నా ఓటు నైట్ సఫారీకే.