కాపర్ శాతం రాయని నీలం పొడి కొనకండి, 11 పంది పిల్లలు పోయాయి

నిన్న సాయంత్రం పదకొండో పిల్లను పూడ్చి వచ్చాను. కోపం ఇంకా దిగలేదు. పారుళ్లకు (విరేచనాలకు) కాపర్ అంటూ నీలం పొడి పార్సిల్‌లో పంపే ఆయన పందులు పెంచే మనవాళ్లందరికీ తెలుసు. పేరు రాయను.

రెండు ఈతల పిల్లలు, మొత్తం 19. పాలు మాన్పించగానే పారుకుంటుంటే కేజీ తెప్పించాను. సంచి మీద ఏమీ రాసి లేదు. పావు టన్ను దాణాకు మొత్తం కలిపెయ్యమన్నాడు. వారంలో పారుళ్లు కట్టాయి, పేడ నల్లబడింది. కాపర్ తింటే అలాగే ఉంటుందన్నాడు, ఊరుకున్నాను. మూడో వారం మేత ముట్టలేదు. కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం టీ డికాక్షన్‌లా వచ్చింది.

డాక్టరుగారు ఒకదాన్ని కోసి పసుపు తిరిగిన కార్జం చూపించి, ఎంత కలిపావని అడిగారు. ఆ పొడి మైలుతుత్తమే (కాపర్ సల్ఫేట్), అందులో నాలుగో వంతు కాపర్. టన్నుకు కేజీ వేస్తే 250 పీపీఎం, అంటే కేజీ దాణాలో 250 మిల్లీగ్రాముల కాపర్. పేగుల్లో చెడ్డ బాక్టీరియాను అణచి, పిల్లలు ఎదగడానికి వేసే మోతాదులో పై అంచు అదే. పోషణకు కావలసింది 5, 6 పీపీఎం. నేను పెట్టింది 1000. యూరప్‌లో పాలు మాన్పించిన తొలి 4 వారాలు 150, తర్వాతి 4 వారాలు 100 దాటనివ్వరట.

వెంటనే పొడి పంపినాయనకు ఫోన్ చేశాను. "అన్నా, మీరు చెప్పినట్టే కలిపాను" అన్నాను. "టన్నుకని చెప్పా. లెక్క రానోళ్లకు పందులెందుకయ్యా?" అన్నాడు. అతని వాయిస్ మెసేజ్ నా దగ్గరే ఉంది, పావు టన్నుకు కేజీ అని. అది వినిపించాను. ఒక్క క్షణం మాట లేదు. తర్వాత "నీ దాణాలోనే ఏదో ఉంటుంది" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే నంబర్ బ్లాక్. పిల్లలెలా ఉన్నాయని ఒక్కమాట అడగలేదు. నాకు అదే మండుతోంది.

తోటలో తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం కలిపేటప్పుడు మైలుతుత్తం గ్రాముల్లో తూచేవాణ్ని నేను. నోరులేని పిల్లల మేతకు మాత్రం ఒకడి నోటిమాట నమ్మాను. ఆ తప్పు నాదే.

కొంటే సంచి మీద కాపర్ శాతం చూడండి, టన్ను లెక్క డాక్టరుతో వేయించుకోండి. ఇంకోటి, పంది దాణా మిగిలితే గొర్రెలకు పెట్టకండి. పందికి సరిపడే కాపర్ కూడా గొర్రె ప్రాణం తీస్తుంది. పక్కింటాయన నిన్ననే ఆ బస్తా అడిగాడు, ఇవ్వలేదు.