మహేషా, ఉమామహేశ్వరుడా: ఇంట్లో ఏది ముందు చూడాలి?

గత రెండు శనివారాలు మా ఇంట్లో ఒకే కథను రెండు భాషల్లో చూశాం. మొదటి వారం 2016లో వచ్చిన మలయాళ సినిమా ‘మహేషింటె ప్రతికారం’. తరువాతి వారం దాని తెలుగు రూపం ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’. ఇది 2020 జులై 30న నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. అవి కరోనా రోజులు, హాళ్లు మూసి ఉన్నాయి. కాబట్టి మొదటి రోజు నుంచీ అందరూ ఇళ్లలోనే చూసిన సినిమా ఇది.

కథ చిన్నది. కొండ ఊళ్లో ఫోటో స్టూడియో నడుపుకునే ఒక నెమ్మదస్తుడు ఎవరిదో గొడవ ఆపబోయి నలుగురి ముందు దెబ్బలు తింటాడు. కొట్టినవాణ్ణి తిరిగి కొట్టేదాకా చెప్పులు తొడగనని ఒట్టు పెట్టుకుంటాడు. ఆ కొట్టినవాడేమో దేశం దాటి వెళ్లిపోతాడు. ఇక ఎదురుచూపే. తమిళంలో కూడా 2018లో ప్రియదర్శన్ ‘నిమిర్’ పేరుతో తీశారు గానీ, నా పోలిక ఈ రెండింటి మధ్యే.

మలయాళ సినిమాకు దర్శకుడు దిలీష్ పోతన్, ఆయనకు అదే మొదటి చిత్రం. రచన శ్యామ్ పుష్కరన్. ఆ స్క్రీన్‌ప్లేకు జాతీయ అవార్డు వచ్చింది, చూస్తే ఎందుకో తెలుస్తుంది. మొదట్లో మహేష్ నీళ్లలో చెప్పులు కడుక్కుంటుంటాడు. ఎంత శ్రద్ధగా కడుగుతాడంటే, ఆ చెప్పులంటే అతనికి ఇష్టమని మాట లేకుండానే మనకు అర్థమైపోతుంది. తరువాత అతను వాటిని వదిలేసినప్పుడు ఏం వదులుకున్నాడో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇడుక్కి కొండలు, వాన తడి, చర్చి, చిన్న బజారు, అక్కడి మనుషులు అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ ఊరు తీసేస్తే కథ నిలవదు.

తెలుగులో ఆ ఊరు అరకు అయింది. పచ్చదనం, మంచు, మలుపుల రోడ్లు కళ్లకు హాయిగా ఉన్నాయి. కానీ అరకు అంటే నాకు ముందు గుర్తొచ్చేది అక్కడి ఆదివాసీ గూడేలు, వారపు సంత, కాఫీ తోటలు. ఆ జీవితం ఈ కథలో నాకు పెద్దగా కనిపించలేదు. మైదానం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల మధ్యే కథ నడుస్తుంది. ఊరి విషయంలో మలయాళానిదే పైచేయి. తేడా కూడా చాలా ఉంది.

అయితే రెండో శనివారం మా అమ్మ నా లెక్క మార్చేసింది.

అమ్మది విజయనగరం వైపు. మలయాళ సినిమా చూస్తున్నప్పుడు కింద వచ్చే అక్షరాలు చదవడం ఆమెకు అందలేదు. ప్రతి నవ్వుకూ “ఏటన్నాడు?” అని అడిగింది. నేను ఆపి చెప్పేసరికి నవ్వు చల్లారిపోయేది. సగంలో నిద్రపోయింది. అదే అమ్మ తెలుగు సినిమాలో బాబ్జీ నోరు తెరవగానే లేచి సరిగ్గా కూర్చుంది. ఆ పాత్ర వేసింది నరేష్. “అచ్చం మీ పెదమావయ్యలాగే మాటాడుతున్నాడు” అంది. ఈ కథలో హాస్యం జోకుల్లో లేదు, మాట విరుపులో ఉంది. రోజూ చూసే మనుషులు ఎలా సాగదీస్తారో, ఎక్కడ ఆగి కాస్త మింగుతారో అందులో ఉంది. అది చెవికి అందాలి, చదివితే రాదు. దర్శకుడు వెంకటేష్ మహా అంతకుముందే 2018లో విశాఖ కంచరపాలెం వాళ్లతోనే కంచరపాలెం కథ తీసినవాడు, ఆ చెవి ఆయనకుంది. హీరోగా చేసిన సత్యదేవ్ పుట్టింది కూడా విశాఖలోనే. అతని నోట ఆ యాస నేర్చుకున్నట్టు ఉండదు. నటుడు సుహాస్ ఉన్న సన్నివేశాలన్నీ మేం రెండుసార్లు వెనక్కి తిప్పుకున్నాం.

ఇంకో సంగతి. తెలుగు సినిమాలో ఒట్టు పెట్టుకున్న మహేశ్ చెప్పుల్లేకుండా తిరగడం చూసి అమ్మ, “పాపం, మాల వేసుకున్నోడిలా ఉన్నాడు” అంది. ఆ మాట నన్ను పట్టుకుంది. మన దగ్గర ఒట్టి కాళ్లతో తిరిగే మనిషిని చూస్తే మొక్కో దీక్షో అనుకుంటాం. అందుకేనేమో తెలుగులో ఆ పట్టుదలకు ఒక బరువు వచ్చింది, సత్యదేవ్ కళ్లలో అవమానం చాలాసేపు నిలిచి ఉంటుంది. మలయాళంలో ఫహద్ ఫాజిల్ దాన్ని పూర్తిగా వేరేగా చేశాడు. అతని మహేష్ మొండికేసిన పెద్దపిల్లాడు. కోపం వస్తుంది, సిగ్గూ వస్తుంది, మళ్లీ మామూలుగా పని చేసుకుంటాడు. ఇద్దరూ నిజమైన మనుషులే. ఫహద్ దగ్గర నేను ఎక్కువ నవ్వాను, సత్యదేవ్ దగ్గర గొంతు పట్టుకుంది.

అసలు ఈ కథలో నాకు ఎక్కువ నచ్చేది ప్రతీకారం కాదు, ఫోటో. ఒక అమ్మాయి మంచి ఫోటో కావాలని స్టూడియోకి వస్తుంది. ఇతను గడ్డం పైకి, భుజం కిందకి, కళ్లు తెరవండి అని పాస్‌పోర్ట్ ఫోటోలాగే తీసిపెడతాడు. నీకు పని రాదని ఆమె మొహం మీదే చెప్పేస్తుంది. అప్పుడు అతను, ఎప్పుడూ మౌనంగా ఉండే తండ్రి దగ్గరికి వెళ్తాడు. ఆ తండ్రి ఒకప్పుడు మనసు పెట్టి ఫోటోలు తీసినవాడు. కొడుకు తనంతట తాను చూడటం నేర్చుకునేదాకా కాచుకుంటాడు. ఈ భాగంలో తెలుగు సినిమా ఏమాత్రం తగ్గలేదని నా గట్టి అభిప్రాయం. పైగా అందులో తండ్రి మనోహరరావు గారు కొడుకుతో మాట్లాడే తీరు మన ఇళ్లలో తండ్రులదే, పొగడరు, వదలరు. రెండు సినిమాలకూ సంగీతం బిజిబల్ ఇచ్చారు కాబట్టి ఆ మెత్తదనం అటూ ఇటూ ఒకేలా ఉంది.

తెలుగులో నాకు నచ్చనిది సాగతీత. మలయాళంలో ఒక చూపుతో దాటేసిన చోట ఇక్కడ ఇంకాస్త నిలబడతారు. మధ్యలో మా తమ్ముడు ఫోన్ తీశాడు, మలయాళంలో తీయలేదు. కథంతా దాదాపు సన్నివేశానికి సన్నివేశం తెచ్చుకున్నప్పుడు ఆ బిగువు కూడా తెచ్చుకోవాల్సింది.

ఒక్కటే చూసే తీరిక ఉండి, ఒంటరిగా చూస్తే మలయాళమే చూడండి. ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుంటే మాత్రం తెలుగు ముందు పెట్టండి, రెండో వారం మలయాళం. మేం తిరగేసి చూసి అమ్మకు మొదటి వారం పోగొట్టాం. తెలుగు ముందు చూసి ఉంటే ఎవరు ఎవరో, ఎందుకు నవ్వుతున్నారో తెలిసిపోయి కింది అక్షరాల అవసరం సగం తగ్గేది. నిన్న రాత్రి అమ్మే అడిగింది, “ఆ మొదటిది మళ్లీ పెట్టరా, ఈసారి పడుకోను” అని. వచ్చే శనివారం పెడుతున్నాం.