గవర్నర్‌పేటలో హార్డ్‌డిస్క్ కాపీ చేయించాను: పనికి మూడు స్టార్లు, వైరుకి ఐదు

ముందే చెప్తున్నా, షాపు పేరు అడక్కండి. విజయవాడ గవర్నర్‌పేటలో కంప్యూటర్ షాపులున్న ఒక సందులో, మెట్లెక్కి పైకి వెళ్లాలి, అంతవరకే. పేరు రాస్తే పనిచేసిన కుర్రాడికి ఓనరు చేత మాట పడుతుంది, ఇందులో వాడి తప్పు సగమే.

మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి ఇంట్లోకి వచ్చినప్పుడు టేబుల్ కింద ఉన్న సీపీయూ, సొరుగులో ఉన్న వైర్లూ అన్నీ పోయాయి. అటక మీద స్టీలు డబ్బాలో పెట్టిన ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ మాత్రం చుక్క తడి లేకుండా మిగిలింది. ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చుని చేసిన శుభలేఖలు, కరపత్రాలు, పిల్లల ఫొటోలు, మొత్తం దాంట్లోనే. ఇన్నాళ్లూ మా తమ్ముడి కంప్యూటర్ మీద నెట్టుకొచ్చి ఈమధ్యే ల్యాప్‌టాప్ కొన్నాను.

డిస్క్ మీద 1 టీబీ అని రాసి ఉంటే విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది. కంపెనీవాళ్లది వెయ్యి లెక్క, విండోస్‌ది 1024 లెక్క, మధ్యలో ఎవరూ ఏమీ కాజేయలేదు. అందులో 612 నిండి ఉంది. ముందు ఇంట్లో నేనే ల్యాప్‌టాప్‌లోకి కాపీ పెట్టాను. సెకనుకి 30 ఎంబీతో మొదలై, వందల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లున్న ఫోల్డర్ రాగానే రెండుకో మూడుకో పడిపోయి, ఇంకా తొమ్మిది గంటలు అని చూపించింది. సరేలే అని వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లిపోయింది, లేపితే ఎర్రర్, ఏది వచ్చిందో ఏది రాలేదో తెలియదు. ఇక టెన్షన్ పడలేక మర్నాడు ఆటో ఎక్కేశాను.

కుర్రాడు డిస్క్ వైపు కాదు, వైరు వైపు చూశాడు. "మేడమ్, ఇది పాత ఫోన్ ఛార్జర్ వైరు కదా?" అన్నాడు. అవును, అసలు వైరు వరదలో పోయింది, ఇంట్లో ఉన్నది పెడితే పట్టింది, పనిచేసింది కదా అని వాడేస్తున్నా. డిస్క్‌కి ఉన్న కన్నం వెడల్పుగా, మధ్యలో చిన్న గోడ పెట్టినట్టు రెండు గదులుగా ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? పెద్ద గదిలో పాత ఫోన్ వైరు సరిగ్గా కూర్చుంటుంది. కానీ అప్పుడు డిస్క్ యూఎస్‌బీ 2.0 అనే పాత, నెమ్మది రకం లాగే నడుస్తుంది, కాగితం మీద సెకనుకి 480 మెగాబిట్లు, చేతికి వచ్చేది మహా అయితే 35, 40 ఎంబీ. రెండు గదులూ నిండే వెడల్పాటి వైరు పెడితేనే వేగంగా నడిచే 3.0. అది 5 గిగాబిట్లని పేరే గానీ లోపల తిరిగే పళ్లెం అంత ఇవ్వలేదు, వందా నూటపాతిక మధ్య ఉంటుంది. రెండొందలు పెట్టి కొత్త వైరు కొన్నాను, గుచ్చగానే 112 చూపించింది. ప్రాణం లేచొచ్చింది.

నిజానికి ఆ వైరొక్కటీ కొనుక్కుని ఇంటికొచ్చేసినా సరిపోయేది. కానీ భయం, అందుకే కాపీకి ఆరొందలు ఒప్పుకున్నా. వదిలేసి సాయంత్రం రమ్మన్నారు, కుదరదన్నాను. ఇంట్లో ఆడపిల్లల ఫొటోలున్న డిస్క్ ఎవరి చేతిలోనో పెట్టి ఎలా వచ్చేస్తాం? మొహం చిట్లించకుండా స్టూలు వేశారు, అది మెచ్చుకోవాలి. ఇంకోటి, కట్ చేసి పేస్ట్ చేయలేదు, కాపీయే చేశాడు. కట్ చేస్తే మధ్యలో ఏదైనా తేడా వచ్చినప్పుడు సగం అక్కడ, సగం ఇక్కడ ఉండి వెతుక్కోవాల్సి వస్తుంది.

రెండున్నర గంటలకి "అయిపోయింది మేడమ్" అన్నాడు. డబ్బులిచ్చి వచ్చేశాను. రాత్రి ఎందుకో అనుమానమొచ్చి రెండు చోట్లా రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూస్తే, డిస్క్‌లో 1,84,206 ఫైళ్లు, ల్యాప్‌టాప్‌లో 1,81,950. ఒక్కో ఫోల్డరూ పక్కపక్కన పెట్టి చూసుకుంటూ పోతే, 'పాత డెస్క్‌టాప్' అనే ఫోల్డర్ ఖాళీగా ఉంది. మా నాన్న షష్టిపూర్తి ఫొటోలు అందులోవే.

అది పాత కంప్యూటర్‌లో నా యూజర్ పేరు మీద ఉన్న ఫోల్డర్. కొత్త దానికి ఆ యూజర్ ఎవరో తెలియదు కాబట్టి పర్మిషన్ లేదని చెప్పి ఏం చేయాలని అడుగుతుంది, మనవాడు స్కిప్ నొక్కేశాడు. మర్నాడు వెళితే ఓనరు, "మీరు పక్కనే కూర్చున్నారు కదమ్మా, చూసుకోవాలి కదా" అన్నాడు. ఒళ్లు మండింది. ఆరొందలు తీసుకున్నది చూడటానికే కదండీ!

కుర్రాడు మాత్రం మారు మాట్లాడకుండా ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీలోకి వెళ్లి ఫోల్డర్ ఓనర్‌గా నా పేరు పెట్టి, కమాండ్లు టైప్ చేసే నల్ల విండో తెరిచి రోబోకాపీ అనే కాపీ ప్రోగ్రామ్ నడిపాడు. విండోస్‌తోనే వస్తుందట, విడిగా ఏమీ కొనక్కర్లేదు. మారకుండా ఉన్నవి వదిలేసి మిగతావే తెస్తుంది, చివర్లో ఎన్ని వచ్చాయి, ఎన్ని వదిలేసింది, ఎన్ని ఫెయిలయ్యాయి అని పట్టిక ఇస్తుంది. ఫెయిల్డ్ కింద సున్నా చూసి గానీ లేవలేదు. ముందే ఇలా చేయొచ్చు కదా తమ్ముడూ అంటే, "ఎవరూ అడగరు మేడమ్" అన్నాడు. అదనంగా డబ్బులు మాత్రం అడగలేదు.

నాలాగా కంప్యూటర్‌లో శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ వాళ్లకి ఒక మాట. ఇంటికొచ్చి పాత శుభలేఖ తెరిస్తే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. గుండె ఆగినంత పనైంది. ఫైలుకి ఏమీ కాలేదు, మేం తెలుగుకి వాడే అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు, ఫైళ్లతో పాటు ఫాంట్లు వాటంతటవి రావు, విడిగా వేసుకోవాలి. ఇది షాపు తప్పు కాదు.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నమైతే బండి పెట్టుకునే చోటుండదు. వైరు కూడా తీసుకెళ్లి ముందు అదే చూపించండి. రెండు చోట్లా ఫైళ్ల లెక్క సరిపోయేదాకా డబ్బులివ్వకండి.